వారంటీలో వేరే మోడల్ బ్యాటరీ పంపారు: ఉంచుకోవాలా, తిప్పి పంపాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. మీ ఇంట్లో 24 వోల్టుల సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉంది. దానికి సిరీస్‌లో (ఒకదాని వెంట ఒకటి కలిపి) రెండు 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ కొలత) టాల్ ట్యూబులర్ బ్యాటరీలు. కొని 27 నెలలైంది. వారంటీ మొదటి 36 నెలలు ఫ్రీ రీప్లేస్‌మెంట్, ఆ తర్వాత 24 నెలలు ప్రో-రాటా, అంటే వాడిన కాలాన్ని బట్టి కొంత డబ్బు కట్టి మార్చుకోవడం. రెండింట్లో ఒకటి పడిపోయింది. కంపెనీ మనిషి వచ్చి చూసి, ఒక సెల్ పోయిందని ఒప్పుకున్నాడు. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదని చెప్పి అదే కంపెనీది ఇంకో మోడల్ పంపారు. దాని మీదా 150 అనే ఉంది కానీ ఎత్తు తక్కువ, మోసుకొచ్చిన కుర్రాళ్ళు "పాతదాని కంటే తేలిగ్గా ఉంది సార్" అన్నారు. మీకు అనుమానం వచ్చి బిగించనివ్వలేదు. కొత్తది వరండాలో ఉంది, పాతది ఇంకా ఇంట్లోనే ఉంది. తేడా డబ్బు కడితే 180 ఏహెచ్ ఇస్తానని డీలర్ అంటున్నాడు. మీ మామగారు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు మిషన్) మీద ఉన్నారు కాబట్టి ఇంట్లో అందరికీ టెన్షన్.

నేను తెనాలిలో 24 ఏళ్ళుగా బ్యాటరీల అమ్మకం, సర్వీసు పనిలో ఉన్నాను. ఏ కంపెనీ తరఫునా మాట్లాడటం లేదు.

బ్యాటరీ సంగతి చెప్పే ముందు మామగారి సంగతి. రెండింట్లో ఒకటి లేకపోతే 24 వోల్టుల ఇన్వర్టర్ పని చేయదు. అంటే ఈరోజు మీ ఇంట్లో బ్యాకప్ సున్నా. డీలర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి, క్లెయిమ్ తేలేదాకా స్టాండ్‌బై బ్యాటరీ పెట్టమని అడగండి. ఇంట్లో రోగి ఉన్నారని కూడా చెప్పండి, మా షాపులో ఇలాంటి ఇళ్ళ కోసమే ఎప్పుడూ రెండు విడిగా ఉంచుతాం. బ్యాటరీలు ఎంత బాగున్నా సరే, కాన్సన్‌ట్రేటర్ ఉన్న ఇంట్లో ఒక నిండు ఆక్సిజన్ సిలిండర్ ఉండి తీరాలి. బీ-టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే 12 గంటలు వస్తుంది. ఆ 1500ని మీ డాక్టర్ రాసిన ఫ్లోతో (నిమిషానికి ఎన్ని లీటర్లో) భాగిస్తే ఎన్ని నిమిషాలు వస్తుందో మీకే తెలుస్తుంది. రెగ్యులేటర్ బిగించడం ఇంట్లో కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి.

ఇక మీరు అడిగినదానికి నా సమాధానం: ఆ పొట్టి బ్యాటరీని మీ దగ్గరున్న రెండోదానితో సిరీస్‌లో కలపనివ్వకండి. తేడా కట్టి 180 కూడా తీసుకోకండి. మిగిలిన బ్యాటరీని కూడా టెస్ట్ చేయించి, ఆ రీడింగులు చేతిలో పెట్టుకుని జత గురించి మాట్లాడండి. ఒక్క బ్యాటరీ గురించి కాదు.

ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను. ఇది అర్థమైతే డీలర్ ఏం చెప్పినా మీరే తూకం వేసుకోగలరు.

సిరీస్‌లో పెట్టిన రెండు బ్యాటరీలు ఒకే కాడికి కట్టిన ఎడ్ల లాంటివి. ఎంత కరెంటు ఒకదానిలో నుంచి పోతుందో అంతే రెండోదానిలో నుంచీ పోతుంది. నువ్వు చిన్నదానివి, కాస్త తగ్గు అని ఇన్వర్టర్ ఏ ఒక్కదానికీ చెప్పలేదు. పైగా దానికి కనిపించేది రెండింటి మొత్తం వోల్టేజీ మాత్రమే. మామూలుగా ఒక్కో బ్యాటరీ 10.5 వోల్టులకు దిగితే ఇక ఆపేయాలి. అంటే జతకి 21 వోల్టులు. రెండూ సమానమైనవైతే రెండూ 10.5 దగ్గరే ఆగుతాయి, ఇబ్బంది లేదు. ఒకటి బలమైనది, ఇంకోటి బలహీనమైనది అయితే? బలమైనది 11.8 దగ్గర హాయిగా ఉంటుంది, బలహీనమైనది 9.2కి పడిపోయి ఉంటుంది. కూడితే 21 వోల్టులే. ఇన్వర్టర్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. కానీ ఆ 9.2 లోకి దిగిన బ్యాటరీలో సెల్స్ అప్పటికే నలిగిపోతున్నాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇలా జరిగితే అది ఎన్నో నెలలు బతకదు.

ఛార్జింగ్‌లో దీనికి ఎదురు జరుగుతుంది. ఛార్జర్ 28.8 వోల్టులు ఇస్తే చెరి 14.4 పంచుకోవాలి. జోడు కుదరనప్పుడు ఏది ముందు నిండితే అది 15 దాటి పోతుంది, రెండోది 13.5 దగ్గర ఆకలిగా ఉండిపోతుంది. నిండినది కుతకుత ఉడికి నీళ్ళు తాగేస్తుంది. మూడు నెలలకు పోయాల్సిన డిస్టిల్డ్ వాటర్ మూడు వారాలకే పోయాల్సి వస్తుంది. ఆకలిగా ఉన్నదానికేమో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, రోజురోజుకీ కెపాసిటీ తగ్గుతుంది. మీటర్ చూడకపోతే ఇవేవీ బయటికి తెలియవు. ఒకరోజు హఠాత్తుగా బ్యాకప్ అరగంటకు పడిపోయినప్పుడే తెలుస్తుంది. మీ ఇంట్లో అలా తెలియకూడదు.

ఇప్పుడు 180 సంగతి చూడండి. వినడానికి బాగుంటుంది, డబ్బు కడుతున్నాం కాబట్టి ఎక్కువ వస్తుందనిపిస్తుంది. కానీ జతలో చిన్నది ఎంత ఇస్తే జత అంతే ఇస్తుంది. మీ పాత 150 ఇప్పుడు వాడకం తర్వాత ఏ 120 దగ్గరో ఉండొచ్చు. దాని పక్కన 180 పెట్టినా 200 పెట్టినా మీకు దొరికేది ఆ 120 మాత్రమే. పైగా చిన్నది ముందే నిండి మొత్తం వోల్టేజీని పైకి లేపగానే ఛార్జర్ తగ్గిపోతుంది. పెద్దది ఎప్పటికీ పూర్తిగా నిండదు. అంటే డబ్బు కట్టి కొత్త బ్యాటరీని ఆకలితో చంపుకోవడం. ఒక్క బ్యాటరీతో నడిచే 12 వోల్టుల ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకైతే 180 మంచి బేరమే. మీకు కాదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2012 వేసవి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టిన కాలం. ఇళ్ళల్లో కోతలు, షాపుల్లో బ్యాటరీలకు కొరత. మా ఊళ్ళో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో 24 వోల్టుల జతలో ఒకటి పోయింది. కంపెనీ వేరే మోడల్ పంపింది. అప్పట్లో దొరికిందే మహాభాగ్యం అనుకుని నేనే దగ్గరుండి బిగించాను. డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు అడిగారు, "ఇది వేరేలా ఉంది, పర్లేదా?" అని. పర్లేదన్నాను. ఏడు నెలల్లో పాడైంది కొత్తది కాదు, అంతవరకు బాగున్న పాతది. అప్పటికి దాని ఫ్రీ రీప్లేస్‌మెంట్ గడువు దాటిపోయింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ రోజు రాత్రి కాన్పు టార్చ్‌లైట్లతో చేశారని ఆయా చెప్పింది. రెండో బ్యాటరీ నా డబ్బుతో మార్చాను. అప్పటి నుంచి జతలో ఒకటి పోతే, రెండోదాన్ని టెస్ట్ చేయకుండా ఏ ఇంట్లోనూ బిగించలేదు.

కొత్తగా వచ్చినదాన్ని ఎలా చదవాలో చెబుతాను. స్టిక్కర్ మీద 150 అనే అంకె పక్కన చిన్న అక్షరాల్లో సీ20 అనో సీ10 అనో ఉంటుంది. అసలు విషయం అక్కడే ఉంది. సీ20 అంటే 20 గంటల పాటు మెల్లగా 7.5 ఆంపియర్ల చొప్పున తీస్తే 150 వస్తుందని. సీ10 అంటే 10 గంటల్లో, 15 ఆంపియర్ల చొప్పున తీసినా 150 వస్తుందని. లెడ్ యాసిడ్ బ్యాటరీని తొందరపెట్టే కొద్దీ ఇచ్చేది తగ్గుతుంది. కాబట్టి సీ10 దగ్గర 150 ఇచ్చేది బలమైనది. సీ20 దగ్గర 150 అన్నదాన్ని 10 గంటల్లో తీస్తే 120, 130 మధ్యలో ఆగిపోతుంది. మీ పాతదాని మీద సీ10 ఉండి కొత్తదాని మీద సీ20 ఉంటే, అంకె ఒకటే అయినా మీకు తక్కువ సరుకు వచ్చినట్టే. పాతది సీ20, కొత్తది సీ10 అయితే కంపెనీ మీకు మంచిదే పంపింది. రెండు స్టిక్కర్లూ పక్కపక్కన పెట్టి ఫోటో తీయండి.

దీన్ని మీ ఇంటి లెక్కలోకి తెస్తాను. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే కాన్సన్‌ట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. ఇన్వర్టర్‌లో పోయేది పోగా 24 వోల్టుల జత నుంచి దాదాపు 18 ఆంపియర్లు లాగుతుంది. ఇది సీ10 కన్నా కొంచెం వేగం. సీ10 రేటింగ్ ఉన్న మంచి 150 జత ఏడు గంటల పైన లాగిస్తుంది. సీ20 రేటింగ్ జత ఆరు గంటలు దాటడం కష్టం. ఒక ఫ్యాన్, రెండు లైట్లు కలిపితే ఇంకా తగ్గుతుంది. గాలివానకు తెల్లవారుజామున లైను తెగితే ఆ గంట తేడా ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

కుర్రాళ్ళు తేలిగ్గా ఉందన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో డబ్బంతా సీసంలోనే ఉంటుంది, సీసం బరువు దాచడం ఎవరివల్లా కాదు. ఎరువుల కొట్టులోనో ధాన్యం కాటా మీదో రెండూ తూయించండి. పాతదానిలో నీళ్ళు సరైన మట్టానికి ఉన్నప్పుడు తూయాలి. టాల్ ట్యూబులర్ 150 యాసిడ్‌తో కలిపి 50 కిలోలు దాటుతుంది. ఒకటి రెండు కిలోల తేడా పట్టించుకోవద్దు. ఎత్తు తక్కువ కాబట్టి లోపల యాసిడ్ తక్కువ ఉండటం సహజం, కొంత తేడా దానివల్లే వస్తుంది. కానీ ఎనిమిది, పది కిలోలు తేడా ఉంటే అది యాసిడ్ ఒక్కటే కాదు, ప్లేట్లు కూడా.

ట్యూబులరా, ఫ్లాట్ ప్లేటా అన్నది మూడోది. ట్యూబులర్‌లో పాజిటివ్ ప్లేటులోని రసాయనం గొట్టాల్లాంటి సంచుల్లో బిగించి ఉంటుంది, అందుకే రోజూ లోతుగా వాడినా రాలదు. ఫ్లాట్ ప్లేట్‌లో జల్లెడ లాంటి చట్రం మీద పూత పూసినట్టు ఉంటుంది. కోతలు ఎక్కువున్న చోట అది త్వరగా రాలిపోతుంది. ట్యూబులర్ ఇచ్చిన చోట ఫ్లాట్ ప్లేట్ పంపితే, ఒక్క బ్యాటరీ ఇల్లయినా సరే, తీసుకోవద్దు. పొట్టి ట్యూబులర్ అయితే అదీ ట్యూబులరే, కాకపోతే నీళ్ళు తరచుగా పోయాల్సి వస్తుంది.

తయారీ తేదీ కూడా చూడండి. యాసిడ్ పోసిన బ్యాటరీ గోడౌన్‌లో ఊరికే ఉన్నా ఛార్జ్ కోల్పోతూనే ఉంటుంది. ఆరు నెలలు దాటిన సరుకైతే ఫ్రెష్ ఛార్జ్ చేసి ఇవ్వమనండి. లోడు లేకుండా కాసేపు ఉంచి మల్టీమీటర్‌తో చూస్తే 12.5 చుట్టుపక్కల ఉండాలి. 12.3 కంటే తక్కువ చూపిస్తే అది నిండు బ్యాటరీ కాదు.

సరే, ఇప్పుడు మీ దగ్గరున్న రెండో బ్యాటరీ. అన్నింటికంటే పెద్ద ప్రశ్న ఇదే, మీరు అడగని ప్రశ్న కూడా ఇదే. జతలో ఒక బ్యాటరీ సెల్ పోయి ఎన్ని వారాలు అలా నడిచిందో మనకు తెలియదు. సెల్ పోయిన బ్యాటరీ రెండు వోల్టులు తక్కువ తీసుకుంటుంది కాబట్టి, అన్ని రోజులూ ఛార్జింగ్‌లో రెండోదాని మీద ఎక్కువ వోల్టేజీ పడి ఉంటుంది. అది నీళ్ళు ఎక్కువ తాగిందేమో గుర్తు చేసుకోండి. కంపెనీ మనిషి పోయినదాన్ని మాత్రమే టెస్ట్ చేసి వెళ్ళిపోతాడు, ఎందుకంటే కంప్లైంట్ ఒక్కదాని మీదే రాశారు. మీకు ఇంకా తొమ్మిది నెలల ఫ్రీ వారంటీ ఉంది. రెండోది కూడా దెబ్బతిని ఉంటే, దాన్ని ఇప్పుడే క్లెయిమ్‌లో పెట్టడం మీ హక్కు. తొమ్మిది నెలలు ఆగితే అదే బ్యాటరీకి మీరు డబ్బు కట్టాలి.

టెస్ట్ ఎలాగంటే, ముందు దాన్ని విడిగా 12 వోల్టుల ఛార్జర్ మీద పూర్తిగా ఛార్జ్ చేయించాలి. 15 ఆంపియర్ల మీద 12 గంటల పైనే పడుతుంది, కాబట్టి షాపులో ఒక రాత్రి ఉంచడమే మేలు. తర్వాత కొన్ని గంటలు వదిలేసి ఆరు సెల్స్‌నూ హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత చూపే గొట్టం) చూడాలి. ట్యూబులర్‌కి 1.240 అటూ ఇటూగా రావాలి. ఆరింటిలో ఏ రెండింటి మధ్యనైనా 0.030 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ బ్యాటరీ దారి తప్పినట్టే. ఆ తర్వాత లోడు. 15 ఆంపియర్లు పెట్టి గంట గంటకీ వోల్టేజీ రాయమనండి. 10.5కి ఎన్ని గంటల్లో దిగిందో చూస్తే మిగిలిన కెపాసిటీ నేరుగా తెలుస్తుంది. 8 గంటలు వస్తే 120 ఏహెచ్ మిగిలి ఉంది. ఆ వయసుకి బాగున్నట్టు. 5 గంటలకే పడిపోతే అది కూడా పోతున్న బ్యాటరీయే. షాపుల్లో రెండు క్షణాలు కొట్టే హై రేట్ టెస్టర్ ఒక్కదాన్నీ నమ్ముకోవద్దు. అది పూర్తిగా పోయినదాన్ని పట్టిస్తుంది గానీ, సగం పోయినదాన్ని పట్టించలేదు.

ఇవన్నీ మీరు సొంతంగా చేయొద్దు. యాసిడ్, పైగా ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. చేతికి ఉంగరం, కంకణం ఉండి స్పానర్ రెండు టెర్మినల్స్‌కి తగిలితే వేలు పోతుంది, అలాంటివి చూశాను. బ్యాటరీ ఉన్న చోట గాలి ఆడాలి. దేవుడి గది పక్కన, దీపం వెలిగే చోట పెట్టిన ఇళ్ళు ఇప్పటికీ కనబడుతున్నాయి, అది చూస్తే భయం వేస్తుంది. మీ ఇంట్లో ఆక్సిజన్ కూడా ఉంది, బ్యాటరీలనూ సిలిండర్‌నూ ఒకే గదిలో ఉంచకండి.

రీడింగులు వచ్చాక డీలర్ దగ్గర కూర్చుని మాట్లాడండి. డీలర్ని శత్రువుగా చూడొద్దు. వారంటీ ఒప్పుకోవాలా వద్దా, ఏ మోడల్ పంపాలా అన్నది కంపెనీ సర్వీస్ ఇంజనీర్ చేతిలో ఉంటుంది. డీలర్ మధ్యలో ఉన్న మనిషి. అతను మీ వైపు రాసి పంపితే సగం పని అయినట్టే. అడగాల్సిన వరస నా ఉద్దేశంలో ఇలా ఉంటుంది. రెండోది కూడా బలహీనంగా తేలితే, రెండింటికీ కలిపి క్లెయిమ్ పెట్టి, ఒకే మోడల్, ఒకే నెలలో తయారైన జత అడగండి. ఆ మోడల్ పాతదాని మీదున్న 150, సీ రేటింగ్‌లకి తగ్గకూడదు. రెండోది బాగుందని తేలితే, మీ పాత మోడల్ విజయవాడ, హైదరాబాద్ డిపోల్లో ఎక్కడైనా ఉందేమో చూడమనండి. ఒక డిపోలో అయిపోయిన మోడల్ ఇంకో డిపోలో ఉండటం మామూలే. అదీ దొరక్కపోతే, పోయినదానికి ఫ్రీగా ఒకటి, బాగున్న పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌లో తీసుకుని తగ్గింపు ధరకి ఇంకోటి ఇచ్చి జత చేయమనండి. మీరు 180కి కట్టబోయిన డబ్బుని దీనికి పెట్టడం వంద రెట్లు నయం. ఇలాంటి బేరాలకు కంపెనీలు చాలాసార్లు ఒప్పుకుంటాయి, అడిగినవాళ్ళు తక్కువ.

నిజాయితీగా ఒక మాట చెప్పాలి. అదే మోడల్ దొరికినా, కొత్తదానికీ 27 నెలల పాతదానికీ జోడు సరిగ్గా కుదరదు. కుదిరినంత కుదురుతుంది. ఆ దారిలో వెళ్తే రెండింటినీ విడివిడిగా నిండా ఛార్జ్ చేశాకే కలపాలి. 24 వోల్టుల జతలకు బ్యాటరీ ఈక్వలైజర్ అనే చిన్న పెట్టె దొరుకుతుంది, రెండింటి మధ్య తేడాని కొంత సర్దుతుంది. అది పెట్టించండి. చిన్న తేడాలకు పని చేస్తుంది, 150కీ 180కీ ఉన్నంత తేడాని అది మోయలేదు. నెలకోసారి ఛార్జింగ్‌లో ఉండగా ఒక్కో బ్యాటరీ వోల్టేజీ విడిగా చూడండి. రెండింటి మధ్య అర వోల్టు తేడా కనబడటం మొదలైందంటే పాతది వెళ్ళిపోయే దారిలో ఉందని.

కాగితాల విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. పాత బ్యాటరీ మీ గుమ్మం దాటిందంటే మీ చేతిలో పట్టు పోయినట్టే. సీరియల్ నంబర్ ఉన్న ఆ బ్యాటరీయే మీ సాక్ష్యం. ఏ మోడల్ ఇస్తారో తేలి, అది మీకు సమ్మతమయ్యేదాకా దాన్ని పంపకండి. ఒకవేళ కంపెనీ పద్ధతి ప్రకారం ముందే తీసుకెళ్ళాల్సి వస్తే జాబ్ షీట్‌లో పాత మోడల్, పాత సీరియల్ నంబర్, సీ రేటింగ్, టెస్ట్‌లో ఏం తేలింది అన్నీ రాయించుకుని స్టాంపు వేయించుకోండి. కొత్తది తీసుకునేటప్పుడు దాని సీరియల్ నంబర్, వారంటీ ఏ తేదీ దాకా అన్నది కూడా రాతలో ఉండాలి. రీప్లేస్‌మెంట్‌కి సాధారణంగా మొదట కొన్న తేదీ నుంచి మిగిలిన గడువే వర్తిస్తుంది, కొత్తగా మొదలవదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. వచ్చిన మోడల్‌కి మార్కెట్లో తక్కువ వారంటీ ఉంటే, తర్వాత సిస్టమ్‌లో ఆ తక్కువ వారంటీనే కనబడే ప్రమాదం ఉంది. అందుకే పాత బిల్లు మీది 36, 24 నెలల గడువే కొనసాగుతుందని ఇప్పుడే రాయించుకోండి. "వేరే మోడల్ పంపారు, పరిశీలన కోసం ఉంచాను, ఇంకా అంగీకరించలేదు" అని ఈరోజే కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. వరండాలో పది రోజులు ఉంచుకుని అప్పుడు వద్దంటే, వాడారేమో అంటారు.

చట్టం సంగతి చాలామంది అడుగుతుంటారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 39వ సెక్షన్ ప్రకారం, లోపమున్న వస్తువుకి బదులు అదే తరహాకి చెందిన, లోపం లేని కొత్త వస్తువు ఇవ్వమనో, కట్టిన ధర తిరిగి ఇవ్వమనో వినియోగదారుల కమిషన్ ఆదేశించవచ్చు. అదే తరహా అన్నారే గానీ అదే మోడల్ అనలేదు. కాబట్టి మోడల్ మారింది అన్న ఒక్క మాట మీద గట్టిగా నిలబడలేరు. రేటింగ్ తగ్గింది, బరువు తగ్గింది, ఉన్న జతకి సరిపోదు అన్న మాట మీద నిలబడగలరు. అందుకే స్టిక్కర్ల ఫోటోలు, కాటా చీటీ, రీడింగులు అన్నాను. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. చాలా కేసులు అక్కడే తేలతాయి, కంపెనీ పైవాళ్ళకు విషయం చేరుతుంది కాబట్టి. తేలకపోతే మీరు ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసున్న ఊరికి వెళ్ళక్కర్లేదు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. మీ విషయం అంత దూరం వెళ్తుందని నేను అనుకోవడం లేదు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం కొంచెం. మీకు 12 వోల్టుల ఇన్వర్టర్, ఒకే బ్యాటరీ అయితే పైన చెప్పిన జోడు గొడవ మీకు లేదు. అదే సీ రేటింగ్ దగ్గర అంతే ఏహెచ్ లేదా ఎక్కువ ఉండి, ట్యూబులర్‌కి ట్యూబులరే వచ్చి, బ్యాటరీ ట్రాలీలో సరిపోతే హాయిగా తీసుకోండి. వచ్చినది సీల్డ్ మెయింటెనెన్స్ ఫ్రీ రకం అయితే మాత్రం ఇన్వర్టర్ వెనక బ్యాటరీ రకం మార్చే స్విచ్ ఉందో లేదో చూడండి. ట్యూబులర్ సెట్టింగ్‌లో సీల్డ్ బ్యాటరీ పెడితే ఉబ్బిపోతుంది. పాత ఇన్వర్టర్‌కి లిథియం బ్యాటరీ పంపితే, ఆ ఇన్వర్టర్ లిథియంకి పనికొస్తుందని కంపెనీ రాసి ఇవ్వకుండా బిగించుకోవద్దు.

మీరు వెంటనే చేయాల్సినవి నాలుగే. స్టాండ్‌బై బ్యాటరీ, సిలిండర్, కంపెనీకి మెయిల్, రెండో బ్యాటరీ టెస్ట్. ఆరు సెల్స్ రీడింగులు, 15 ఆంపియర్ల మీద ఎన్ని గంటలు లాగింది, రెండు స్టిక్కర్ల మీద ఏం రాసి ఉంది, ఇవి ఇక్కడ రాయండి. రాత్రి షాపు కట్టేశాక చూసి, డీలర్‌తో ఏ మాట మీద నిలబడాలో చెబుతాను. మామగారు ఎలా ఉన్నారో కూడా రాయండి.